అభిప్రాయానికి నలభై ఐదు రోజులు

మా వర్తక మిత్ర మండలిలో తొందరపాటు అభిప్రాయాలను నిషేధించడానికి మూలకారణం ఒక కల్యాణ మండపం. దాన్ని నేను చూడలేదు. మండలి అధ్యక్షులు తటవర్తి పూర్ణచంద్రరావు గారూ చూడలేదు. ఆయన బాధంతా అదే.

రాజమండ్రిలో ఆయనకు టైల్స్ షాపు ఉంది. ఉగాది వెళ్ళాక ఒక శుక్రవారం పొద్దున మండలి సమావేశానికి ఒక కొత్తాయన వచ్చాడు. మా గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి కనబడితే మంచినీళ్ళ కంటే ముందు ఒక ప్రశ్న ఇస్తాం. అధ్యక్షులవారూ అదే ఇచ్చారు.

"మీరెవరి తాలూకండీ? ఏ ఊరు?"

ఆయన ఊరి పేరు చెప్పాడు. అధ్యక్షులవారు పకపకా నవ్వి, "ఆ ఊరా! మీ ఊరోళ్ళు పొద్దున ఇచ్చిన మాటని మధ్యాహ్నం అన్నంలో నంజుకుని తినేస్తారంట కదండీ!" అన్నారు. కొత్తాయన కూడా నవ్వాడు. టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన నూట ఇరవై గదుల కల్యాణ మండపం కట్టిస్తున్నాడనీ, దానికి టైల్స్ మొత్తం విజయవాడ నుంచి దిగాయనీ శ్రావణం వచ్చాక తెలిసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలన్నారు. అధ్యక్షులవారు పెద్దల కంటే ఒక అడుగు ముందుకేశారు. జారింది తన నోరే అయినా, ముప్పై ఎనిమిది మంది సభ్యుల నోళ్ళకూ తాళం వెయ్యాలని నిశ్చయించారు. ఆ తాళాన్ని తయారుచేసే పని కార్యదర్శి ఉమాశంకరం గారికి అప్పగించారు. ఉమాశంకరం గారు ఇన్సూరెన్సు మనిషి. ఆయన దృష్టిలో పుట్టుక నుంచి చావు దాకా దేనికైనా కొంత నిరీక్షణ కాలం ఉండాలి.

సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, ఒక సభ్యుడు మరియొక సభ్యుని గూర్చి పరిచయమైన తేదీ నుండి నలభై ఐదు దినముల వరకు మంచి గాని, చెడ్డ గాని, మధ్యస్థము గాని, ఎట్టి అభిప్రాయమునూ ఏర్పరచుకొనరాదు. పొరపాటున ఏర్పడినచో సదరు అభిప్రాయమును కార్యదర్శికి వ్రాతపూర్వకముగా అప్పగించి, తిరిగి మొదటి దినము నుండి లెక్క ప్రారంభించవలెను. పాత సభ్యుల మధ్య గల పాత అభిప్రాయములన్నియూ రద్దు చేయడమైనది."

సరిగ్గా ఆ వారమే నేను మండలిలో చేరాను. దరిద్రుడు తలకడగబోతే వడగళ్ళ వాన అంటారే, అదీ నా వరస.

నా పేరు ముత్యాల నాగభూషణం. కడియం దగ్గర నాకు ఒక నర్సరీ ఉంది. ఏటా శ్రావణంలో బంతి నారు పోస్తాను. అది దసరాకి, దీపావళికి పూలవుతుంది. ఇరవై ఏళ్ళుగా నా నారంతా ఒకే ఆయన పట్టుకెళ్ళేవాడు. ఆయన ఈ ఏడు పూల సాగు మానేసి రొయ్యల చెరువు తవ్వాడు. ఆ కబురు నాకు చేరేసరికి నలభై వేల మొక్కలు ట్రేలలో రెండేసి ఆకులు వేసి నా మొహం చూస్తున్నాయి. చుట్టుపక్కల అందరివీ నర్సరీలే. వాళ్ళకి అమ్మడమంటే చేపకి ఈత నేర్పడమే.

బంతి నారుకి నెల రోజులే ఆయువు. అది దాటితే ట్రేలోనే ముదిరి మొగ్గ తొడుగుతుంది. తరువాత నాటినా అది మొక్క కాదు, మొక్కుబడి. అప్పటికి నారు వయసు ఏడు రోజులు.

"ఇంట్లో కూచుని ట్రేలకేసి చూస్తే ఎవరొస్తారు? నలుగుర్లోకి ఎల్లండి. నలుగురితో మాటాడండి," అని మా ఆవిడ సుగుణ తరిమితే ఈ నలుగురిలోకి వచ్చాను.

"అయ్యా, నాకు బంతి నారు కొనేవాళ్ళు కావాలండి," అన్నాను ఉమాశంకరం గారితో మొదటి శుక్రవారమే.

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. "మీ వ్యాపారం పేరు ఎత్తకండి! నర్సరీ అనగానే ఎదుటి సభ్యుడు ఏమనుకుంటాడు? బురద కాళ్ళు అనుకుంటాడు. అది అభిప్రాయం అవునా, కాదా?"

"నా కాళ్ళకి బురద నిజంగానే ఉంటుందండి."

"అది నలభై ఐదు రోజుల తరువాత తేలాల్సిన విషయం."

"నారుకి నెల రోజులే గడువండి."

"నారు మండలిలో సభ్యత్వం తీసుకుందా?" అని అడిగారు. లేదని ఒప్పుకున్నాను.

రెండో శుక్రవారం నాటికి 'తక్షణాభిప్రాయ నిరోధక ఉపసంఘం' ఏర్పడింది. మనిషి మొహం చూస్తే అభిప్రాయం పుడుతుందని ఉపసంఘం కనిపెట్టింది. కాబట్టి హాలు గుమ్మం దగ్గర ప్రతివాడికీ ఒక దిండు గలేబు ఇచ్చారు. కళ్ళకి రెండు చిల్లులు, టీ తాగడానికి ఒకటి. బట్టలు చూసినా అభిప్రాయం పుడుతుందట. అందుకని మెడ కింద నుంచి అందరికీ ఒకే రంగు రెయిన్‌కోటు. శ్రావణ మాసపు ఉక్కలో ముప్పై ఎనిమిది మందిమి రెయిన్‌కోట్లు వేసుకుని, తలకి గలేబులు తొడుక్కుని కూర్చుంటే, మా మీద మాకే ఏ అభిప్రాయమూ మిగలలేదు. పేర్లు తీసేసి నంబర్లిచ్చారు. నేను ఇరవై ఆరు.

అధ్యక్షులవారి సొంత తోడల్లుడు కూడా మండలి సభ్యుడే. వాళ్ళిద్దరూ ఒకే కారులో వచ్చి, గుమ్మం దగ్గర గలేబులు తొడుక్కుని, లోపలికి రాగానే ఒకరికొకరు కొత్తగా నమస్కారం పెట్టుకున్నారు.

"తమర్ని ఎక్కడా చూసినట్టు లేదండీ," అన్నారు తోడల్లుడు గారు.

"నాకూ అట్టే అనిపిస్తందండి," అన్నారు అధ్యక్షులవారు ఎంతో గర్వంగా.

ఆ తరువాత విజిటింగ్ కార్డులు మార్చుకునే కార్యక్రమం జరిగింది. కార్డు మీద పేరుంటే కులం తెలుస్తుంది, వ్యాపారముంటే హోదా తెలుస్తుంది, అచ్చు ఖరీదైనదైతే మనిషి ఖరీదు తెలుస్తుంది. అందుకని ఉపసంఘమే అందరికీ తెల్ల కార్డులు వేయించింది. వేయించడమంటే కత్తిరించడమే. ఒకరి కార్డు ఒకరం రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి చదివి, మర్యాదగా జేబులో పెట్టుకున్నాం. నా పక్కన కూర్చున్న ఇరవై ఏడో నంబరు సభ్యుడు తన కార్డు నాకిచ్చి, నా కార్డు తీసుకుని, గలేబు చిల్లుల్లోంచి చాలాసేపు దానికేసి చూశాడు. తరువాత గోడకి తల ఆనించి గుర్రు పెట్టాడు.

'ఎవడో పనీపాటా లేని సోమరి,' అనుకున్నాను. అనుకోగానే నాలుక కరుచుకున్నాను. అభిప్రాయం!

దాచుకుంటే సరిపోయేది. కానీ ప్రతి సమావేశం చివరా 'నిరభిప్రాయ ధ్రువీకరణ పత్రం' మీద కుడిచేయి పెట్టి ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం చేసి అబద్ధమాడితే మొక్కలు మాడిపోతాయేమోనని భయపడ్డాను. నిజం రాసిచ్చాను. ఉమాశంకరం గారు నా కాగితాన్ని పట్టకారుతో పట్టుకున్నంత జాగ్రత్తగా రెండు వేళ్ళతో పట్టుకుని ఫైల్లో పెట్టి, "మీ లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి," అన్నారు.

నారు వయసు పద్నాలుగు.

మూడో శుక్రవారం గొంతుల మీద పడ్డారు. గొంతును బట్టి వయసు, యాసను బట్టి ఊరు తెలిసిపోతున్నాయట. ఇకమీదట చీటీల ద్వారానే సంభాషణ అన్నారు. చేతిరాత కూడా మనిషిని పట్టిస్తుంది కాబట్టి చీటీలు ముందే అచ్చువేశారు. 'నమస్కారము' అని ఒకటి, 'అటులనే' అని ఒకటి. 'బాగున్నారా' అని మూడోది కూడా వేయించారు గానీ, ఎదుటివాడు బాగుండకపోవచ్చుననే అభిప్రాయం అందులో దాగి ఉందని ఆఖరి నిమిషంలో వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజే మైకు పోయింది. అందరమూ చూస్తుండగానే పోయింది. గలేబు తొడుక్కున్న ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. మైకు వైర్లు చుట్టుకున్నాడు, సౌండు బాక్సు భుజాన వేసుకున్నాడు. అతని ఛాతీ మీద నంబరు లేదు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. పన్నెండో నంబరు ఆయన పాపం లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. వెళ్తున్నవాడికి ఇంకొకాయన 'నమస్కారము' చీటీ ఇచ్చాడు.

అతను మెట్లు దిగిపోయాక ఉండబట్టలేక నేను గొంతు విప్పాను. "వాడు దొంగలాగున్నాడండి!"

హాలంతా ఉలిక్కిపడింది. ఉమాశంకరం గారు కుర్చీలోంచి లేచారు.

"ఇరవై ఆరో నంబరు సభ్యులు సంయమనం పాటించాలి! ఆగంతకునితో మన పరిచయం నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల పరిచయంతో ఒక వ్యక్తిని దొంగ అని నిర్ధారించడం మండలి మౌలిక ఆశయానికే గొడ్డలిపెట్టు. నలభై ఐదు రోజుల తరువాత సదరు వ్యక్తి దొంగ అవునో కాదో ఉపసంఘం పరిశీలిస్తుంది."

"అప్పటికి మైకు ఉంటుందాండి?"

"మైకు తిరిగి రాదనే అభిప్రాయం కూడా తొందరపాటే."

నా లెక్క మళ్ళీ ఒకటికి వచ్చింది. ఇంటికెళ్ళేసరికి సుగుణ ట్రేల దగ్గర నిలబడి ఉంది. మొక్కలు జానెడు పొడుగయ్యాయి. వేళ్ళు ట్రే అడుగు నుంచి బయటికి తొంగి చూస్తున్నాయి.

"ఎవరైనా దొరికారా?" అంది.

"ముప్పై ఏడు మంది దొరికారే. ఎవరో తెలీదు."

సుగుణ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏ అభిప్రాయానికి వచ్చిందో చెప్పడానికి నలభై ఐదు రోజులు తీసుకోలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడులోనే తెలిసింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నలభై వేల ప్రాణాలు నా చేతి నీళ్ళు తాగి పెరిగాయి. వాటిని పేడ గుంటలో కుమ్మరించడానికి నాకు చేతులు రావు.

నాలుగో శుక్రవారం. నారు వయసు ఇరవై ఎనిమిది. ఆ రోజు ఉపసంఘం ఒక ఘోరాన్ని పసిగట్టింది.

మండలి మేడ మెట్ల కింద పొయ్యి పెట్టుకుని ఒకావిడ టీ కాస్తుంది. యాభై ఏళ్ళుంటాయి. సమావేశానికి టీలు ఆవిడే పైకి తెస్తుంది. సభ్యురాలు కాదు కనుక గలేబు లేదు. ముప్పై ఎనిమిది గలేబుల మధ్య ట్రే పట్టుకుని తిరుగుతూ ఒకరికి పంచదార లేకుండా, ఒకరికి అల్లం వేసి, ఒకరికి పాలు తక్కువగా, ఎవరిది వాళ్ళకి, ఒక్కటీ తప్పకుండా ఇస్తోంది. పక్కనున్నవాడు ఎవడో అధ్యక్షులవారికే తెలియని హాలులో ఆవిడకి అందరూ తెలుసు!

విచారణ మొదలైంది. ఆవిడని హాలు మధ్యలో నిలబెట్టారు. చేతిలో ట్రే అలాగే ఉంది.

"నీవు సభ్యుల గురించి అభిప్రాయాలు ఏర్పరచుకున్నావన్నది అభియోగం. నిజమా?" అన్నారు ఉమాశంకరం గారు.

"ఆయ్. ఏర్పర్చుకోపోతే ఎలాగండి? షుగరున్న బాబుకి పంచదార టీ ఇచ్చేస్తే ఆస్పత్రికి మీరు మోసుకెళ్తారాండి?"

"గలేబు ఉండగా ఎలా గుర్తుపట్టావు?"

"మడాలు కనపడతన్నాయి కదండీ. కప్పు పట్టుకునే తీరు ఉంటది. కొందరు గ్లాసు అందుకుంటా నాకేసి చూత్తారు, కొందరు చూడరు. చూడనోళ్ళని పట్టుకోడం ఇంకా తేలికండి, ఎప్పుడూ ఒకే పక్కకి చూత్తారు."

హాలులో చాలామంది తలలు ఒకే పక్కకి తిరిగాయి.

ఉమాశంకరం గారు రిజిస్టరు తెరిచారు. "ఈ అభిప్రాయాలు ఎన్ని రోజుల పరిచయంతో ఏర్పరచుకున్నావు?"

ఆవిడ వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. "వచ్చే కార్తీకానికి ఏడేళ్ళండి."

ఉమాశంకరం గారి పెన్ను ఆగిపోయింది. నియమావళి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశారు. నలభై ఐదు రోజుల నిరీక్షణ కాలాన్ని పూర్తిగా పాటించిన మనిషి మండలి మొత్తంలో ఆవిడ ఒక్కతే. శిక్షించడానికి నిబంధన లేదు. మెచ్చుకోవడానికీ లేదు, మెచ్చుకోలు కూడా అభిప్రాయమే. విచారణ వాయిదా పడింది.

నేను గలేబు చంకలో పెట్టుకుని ఆవిడ వెనకే మెట్లు దిగాను. పొయ్యి దగ్గర చతికిలబడ్డాను.

"ఏవమ్మా, ఇంతమందిని ఎరుగుదువు. బంతి నారు కావాల్సినోళ్ళు ఎవరైనా ఉన్నారంటావా?"

ఆవిడ టీ వడగడుతూ ఆగింది. "మీ పక్కన కూచుంటారు కదండీ, ఇరవై ఏడు. ఆయనే."

"ఆ గుర్రు పెట్టే ఆయనా?"

"కుడుపూడి శ్రీరాములు గారండి. గోదారి లంకల్లో పూలేసే రైతులందరికీ పెద్ద. మొన్న గోదారొచ్చి ఆళ్ళ నారుమళ్ళన్నీ ములిగిపోయాయి కదండీ. రాత్రిళ్ళు గట్టు మీద కాపలా, పగలు నారు కోసం తిరుగుడు. నిద్రెక్కడుంటదండి? తను తాగే ముందు డ్రైవరుకి టీ పంపే మనిషి. ఇక్కడ పొయ్యికాడ నిలబడే ఫోను మాటాడతారు. నారు దొరికితే పండక్కి ముప్పై కుటుంబాలు గట్టెక్కుతాయంటా ఉంటారు."

మూడు శుక్రవారాలు మోచేయి మోచేయి రాసుకుంటూ కూర్చున్నాం. నా జేబులో ఆయన తెల్ల కార్డు, ఆయన జేబులో నాది.

"నాది నర్సరీ అని నీకు తెలుసా?"

"మీ గోళ్ళల్లో నారు ట్రేలకి నింపే కొబ్బరి పొట్టు ఉంటది కదండీ. కడియం ఆళ్ళు తప్ప ఎవరండీ అలా వచ్చేది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేవమ్మా!"

"ఎవరూ అడగలేదు కదండీ," అంది ఆవిడ నాకు గ్లాసు అందిస్తూ. "టీ పోసే మనిషిని. అడక్కుండా చెప్తే బాగుంటదాండి?"

గ్లాసు అందుకున్నాను. ఆయన్ని సోమరి అనుకున్నందుకు కాగితం రాసిచ్చాను గానీ, ఈవిడని టీ ఆవిడ అని తప్ప ఇంకేమీ అనుకోనందుకు ఏ కాగితమూ రాయలేదు. అలాంటి పత్రం మండలిలో లేదు.

శ్రీరాములు గారు మెట్లు దిగుతుంటే ఎదురెళ్ళాను. ఆయన భయంగా చుట్టూ చూసి 'నమస్కారము' చీటీ తీయబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. "బంతి. నలభై వేలు. ఇరవై ఎనిమిది రోజులదండి."

ఆయన గలేబు పీకి పారేశారు. లోపల ఎర్రబడ్డ కళ్ళు, నాలుగు రోజుల గడ్డం. "రేపు పొద్దున బండి పంపిస్తాను," అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. మర్నాడు పొద్దున బండి రాలేదు. మూడు బండ్లు వచ్చాయి. సుగుణ ఒక్కొక్క ట్రేనీ తానే ఎత్తి ఇచ్చింది.

ఈ సంగతి ఎలాగో పొక్కింది. ఐదో శుక్రవారం అధ్యక్షులవారు మైకు లేకుండానే ప్రసంగించారు. మండలి ఆశయాలు ఫలించాయనీ, తొందరపాటు అభిప్రాయాల నిరోధం వల్లే ఇంత పెద్ద వ్యాపారం కుదిరిందనీ ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. అందుకు సహకరించిన టీ ఆవిడకి ఉచిత సభ్యత్వం ఇస్తున్నట్టు కూడా చెప్పారు. ఉమాశంకరం గారు ఒక ఫారం, ఒక గలేబు, ఒక తెల్ల కార్డు ట్రేలో పెట్టి ఆవిడకి అందించారు.

"అయితే ఒక్క షరతు," అన్నారు. "నియమావళి ప్రకారం నలభై ఐదు రోజుల దాకా మీరెవరో మాకు తెలియకూడదు."

"ఏడేళ్ళ నుంచీ తెలీదు కదండీ బాబూ," అంది ఆవిడ.

హాలులో ఎవరూ 'అటులనే' చీటీ కూడా తీయలేదు.

ఆవిడ గలేబుని మడతపెట్టి, వేడి కెటిల్ పట్టుకునే గుడ్డ చేసుకుంది. కొంగు ముడి విప్పి ఒక చిన్న అట్టపెట్టె తీసింది. దాని నిండా కార్డులు. అంచులు పచ్చబడ్డాయి. "ఇక్కడ పొయ్యి పెట్టిన కొత్తలో అచ్చేయించానండి, వంద. అందరూ ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటారు కదా అని. ఒక్కటీ ఖర్చవలేదు," అంది. టీ గ్లాసుతో పాటు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇచ్చుకుంటూ వచ్చింది.

నేను చదివాను. 'గుత్తుల మంగతాయారు. టీ, టిఫిన్లు, భోజనాలు. ముందు రోజు చెప్పిన యెడల ఎంతమందికైనను.'

ముప్పై ఎనిమిది గలేబులు కార్డుల మీదికి వంగాయి. ముందుగా అధ్యక్షులవారే గలేబు తీసేశారు. కార్డు అటూ ఇటూ తిప్పారు, ఆవిడకేసి మొదటిసారి తిన్నగా చూశారు. పాపం, నెల రోజులుగా గొంతులో అణిచిపెట్టుకున్నది ఇక ఆగలేదు.

"అయితే, మంగతాయారు గారూ, మీరెవరి తాలూకండీ? ఏ ఊరు?"

ఉమాశంకరం గారు రిజిస్టరు కోసం తడుముకున్నారు. మంగతాయారు గారు అధ్యక్షులవారి చేతిలో పంచదార లేని టీ పెట్టింది.

"నలభై ఐదు రోజులాగండి బాబూ, చెప్తాను."